ఐతారం తెరవని గోదాం

మొన్న సాగర్ రోడ్డు మీద బస్సులో వస్తుంటే సామాన్లు దాచే అద్దె గోదాముల పెద్ద బోర్డు ఒకటి కనిపించింది. నవ్వుతున్న కుటుంబం, వాళ్ళ వెనక వరసగా నారింజరంగు షట్టర్లు, కింద "మీ జ్ఞాపకాలు మా దగ్గర భద్రం" అని రాత. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్క సీటులో ఆమె నా వైపు ఓసారి చూసి, కాస్త అవతలికి జరిగి కూర్చుంది. నేను పళ్ళు కొరికిన చప్పుడు పైకే వినిపించినట్టుంది. నెలనెలా అద్దె తీసుకుని షట్టరు దించేవాడికి మనుషుల జ్ఞాపకాలతో ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హైదరాబాదు మా ఇబ్రహీంపట్నం మీదికి నడిచొచ్చిన రోజుల మాట ఇది. కొంగరకలాన్ వైపు నిన్నటిదాకా జొన్న చేలున్న చోట తెల్లరాళ్ళు పాతుతున్నారు. వానల గురించి మాట్లాడుకునే పెద్దమనుషులు హోటల్లో టీ తాగుతూ గజాల గురించి మాట్లాడుకుంటున్నారు. మా తమ్ముడికీ ఆ గాలి సోకింది. నాన్న కట్టించిన ఇంటిని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చాడు. ఫ్లాట్లు లేచేదాకా అమ్మ బడంగ్‌పేట్‌లో వాడి దగ్గర ఉండాలి. అక్కడ ఉన్నవి రెండు గదులు, ఒక బాల్కనీ. ఆ బాల్కనీలో మా మరదలి తులసికోటా, బట్టల మిషనూ ఇప్పటికే పోట్లాడుకుంటున్నాయి. అమ్మ మంచాలు ఇచ్చేసింది, రోలు ఇచ్చేసింది, ఎవరో అడిగితే నాన్న కూర్చునే కుర్చీ కూడా ఇచ్చేసింది. గుండిగల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాటి పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

ఆ గుండిగల సంగతి చెప్పాలి. అన్నం వండే పెద్ద ఇత్తడి గుండిగలు, కూరల బగోనలు, మనిషి చెయ్యంత గంటెలు, మా నానమ్మ నాటివి. గల్లీలో ఎవరింట్లో పెళ్ళయినా, చావయినా వంట వాటిలోనే. కిరాయి లేదు, ఎవరని అడగడం లేదు. వచ్చినవాళ్ళు దొడ్లోకి పోయి వాళ్ళే ఎత్తుకుపోతారు. పెళ్ళింటి నుంచి తిరిగొచ్చే గుండిగలో ఇంత బెల్లమో, గుప్పెడు బియ్యమో ఉండేది. చావింటి నుంచి వచ్చేది తోమి, బోర్లించి, మాట లేకుండా గడప దగ్గర పెట్టిపోయేవాళ్ళు. చావింట్లో పొయ్యి వెలిగించరు కనక వంట గల్లీ ఆడవాళ్ళదే. మా అమ్మ బియ్యం పోస్తే, ఎదురింటి పెద్దమ్మ పొయ్యి చూసుకునేది. ఆమె చర్చికి పోయే మనిషి, అమ్మది శనివారం ఒక్కపొద్దు. పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకునే తిట్లు వింటే చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారేమో అనిపించేది.

సామాన్లు పెట్టడానికి గోదాం వెతకబోయాం, తమ్ముడు, అమ్మ, నేను. మొదటిది ఊరి బయట, ఒకప్పటి కోళ్ళ ఫారం. రేకుల కప్పు, మట్టినేల. "తాళంచెవి మీకాడ్నే ఉంచుకోండ్రి. ఎప్పుడన్న రాండ్రి, ఎవరన్న రాండ్రి" అన్నాడు దాని యజమాని. అమ్మ మొహం విప్పారింది. తమ్ముడు ముక్కు మూసుకున్నాడు. "కోళ్ళ కంపు కొడ్తుంది. కెమెరా గూడ లేదు. పోతే ఎవరు జిమ్మేదారి?"

రెండోది వాడి ఫ్లాటుకు దగ్గర. పాలరాతి మెట్లు, కెమెరాలు, టై కట్టుకున్న మేనేజరు. గది తాళంచెవి మనదే, కానీ బయటి గేటు వాళ్ళది. పేరు రాయించుకున్న ఒక్క మనిషే రావాలి, ముందురోజు చెప్పి రావాలి. అమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"ఐతారం తీస్తరా బిడ్డా?"

"ఐతారం సెలవమ్మా. ఐతారం సామాన్లతోని ఎవరికి పని పడ్తది?"

"సావుకు ఐతారం, సోమారం అని ఉంటదా?"

అతను నవ్వాడు. తమ్ముడు సిగ్గుపడి "అమ్మా, జర ఊకో" అన్నాడు. దొంగలకు భయపడుతున్నావు గానీ గుండిగలు అడగడానికి వచ్చేవాళ్ళు యాదికి లేరా అని నేను గొంతు పెంచాను. వాడు అప్పటికే తన పేరు రాయించేశాడు. ఇల్లు మారేవాళ్ళకు ఏది చక్కగా కనిపిస్తే అదే మంచిదని ఎవరు నేర్పారో, వాళ్ళు నాకు దొరకాలి.

ఎదురింటి పెద్దమ్మ పోయింది ఆదివారమే. పొద్దున్నే ఆమె కొడుకు అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాడు. ఏడ్చి, "చిన్నమ్మా, గుండిగలు" అన్నాడు. "ఆటో తీస్కొని గోదాం కాడికి రా బిడ్డా" అంది అమ్మ. గేటు తీస్తారో లేదోనన్న అనుమానం ఇద్దరికీ రాలేదు. చావింటికి గుండిగ ఇవ్వని మనుషులుంటారని మా గల్లీలో ఎవరూ ఎరగరు.

అమ్మతో నేనూ వెళ్ళాను. గేటు తీయలేదు. మేనేజరు ఫోన్ ఎత్తడం లేదన్నాడు వాచ్‌మన్. పేరు రాయించుకున్న తమ్ముడు నల్గొండలో మరదలి తరఫు పెళ్ళిలో ఉన్నాడు. "గిదేం లొల్లి అక్కా? టెంట్ హౌస్‌ల తెచ్చుకొమ్మను, పైసలు నేనిస్త" అన్నాడు ఫోన్లో. నేను వాడికేం చెప్పానో ఇక్కడ రాయను. తర్వాత వాచ్‌మన్ మీద పడ్డాను. అమ్మ నా చెయ్యి పట్టి లాగింది.

"వాని మీదెందుకు ఒర్రుతవ్?"

గది తాళంచెవి ఆమె కొంగుముడిలోనే ఉంది. అమ్మ ఆ కొంగు పట్టుకుని, పెద్దమ్మ కొడుకు వైపు తిరిగింది. "లేవు బిడ్డా. ఇయ్యాల లేవు" అంది. ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

"ఫికర్ చెయ్యకు చిన్నమ్మా, ఏదన్న చేస్తం" అన్నాడు. ఇంట్లో తల్లి శవాన్ని పెట్టుకొచ్చినవాడు మా అమ్మను ఓదార్చి ఖాళీ ఆటోతో పోయాడు.

మధ్యాహ్నం మా గల్లీకి వెళ్ళేసరికి ఎర్రరంగుతో పేరు రాసిన టెంట్ హౌస్ గిన్నెల్లో అన్నం ఉడుకుతోంది. అమ్మ పొయ్యి దగ్గరికి పోబోతే ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. దూరపు చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. వాళ్ళది మర్యాదే. ఆ మర్యాదను నేను ఈరోజుకీ క్షమించలేదు.

ఫ్లాట్లు లేచాయి. అమ్మ అదే గల్లీకి, మూడో అంతస్తుకి తిరిగొచ్చింది. గుండిగలూ వచ్చాయి. "చూసినవా అక్కా, ఒక్క గీత గూడ పడలే" అన్నాడు తమ్ముడు సంబరంగా. కళాయి పెట్టించనా అని నేనడిగితే "ఎందుకు?" అంది అమ్మ. ఆ తర్వాత గల్లీలో పెళ్ళిళ్ళయ్యాయి, చావులయ్యాయి. మెట్లెక్కి వచ్చినవాళ్ళు భోజనానికి పిలవడానికే వచ్చారు. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. మా గల్లీకి అమ్మను అడగడం మరిపించింది. నా కోపాన్ని మాత్రం మరిపించలేకపోయింది.