చీపురు ఎలోయినా గెలుపు బాజా

యావెని ఊళ్ళో ఎలోయినా అనే పేరుగల ఆడవాళ్ళు ఇద్దరున్నారు. ఒకావిడ రొట్టెల ఎలోయినా, రెండో ఆవిడ చీపురు ఎలోయినా. ఈ రెండో ఆవిడ ఇల్లు ఊడ్వడంలో ఏమంత గొప్పది కాదు. ఆ మాటకొస్తే ఆవిడ వాకిలికన్నా కోళ్ళగూడే శుభ్రంగా ఉంటుందని పక్కింటివాళ్ళు అంటారు. ఆ పేరు కొండ పరుగు వల్ల వచ్చింది.

మెక్సికోలో వహాకా పట్నం మీది కొండల్లో వానలు వెనకబట్టాక ఏటా ఆ పరుగు జరుగుతుంది. పరుగు సాగేది ఊరి అడవిలో. ఆ అడవి సర్కారుదీ కాదు, ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. దేవదారు కొట్టాలన్నా, పుట్టగొడుగులు ఏరాలన్నా ఊరి సభ ఒప్పుకోవాలి. ఆ సభే మనిషికో పని అప్పగిస్తుంది. కూలి ఉండదు, కాదనడం అంతకన్నా ఉండదు. అలా ఒక ఏడు ఎలోయినాకు చీపురు పని పడింది. చీపురంటే, వీపుకు పుల్లల చీపురు కట్టుకుని, పరిగెత్తేవాళ్ళలో అందరికన్నా వెనకబడ్డ మనిషి వెనక నడవాలి. దారి తెలియడానికి చెట్లకు కట్టిన నారింజ రంగు రిబ్బన్లను ఒక్కటీ మిగలకుండా విప్పుకుంటూ రావాలి. చీపురు దాటి వచ్చిందంటే ఇక అడవిలో మనిషి లేడని అర్థం.

ఆ చీపురు ఊళ్ళో అడుగుపెట్టేదాకా బాండు ఆపరు. గుంటలో ఉడికే గొర్రె మాంసం మీద కప్పిన ఆకులు తీయరు. అది కట్టుబాటు. పట్నం నుంచి వచ్చిన ఏ బొద్దు మనిషో ఉసూరుమంటూ చివరన నడిస్తే, ఇక్కడ ఊరందరి కడుపుల్లో ఎలకలు పరిగెత్తేవి. బాండులో పెద్ద బాకా ఊదేది ఎలోయినా మొగుడు ఫిదెన్సియో. పెళ్ళాం వచ్చేదాకా ఊదీ ఊదీ పాపం అతని పెదాలు వాచేవి.

"ఏమే, దారిలో ఓ కునుకు తీసి వచ్చావా?" అనేవాడు.

"తీసేదాన్నే. నీ బాకా నిద్ర పోనిస్తేగా!" అనేది.

నిజానికి ఎలోయినా కాళ్ళు వెనక నడిచే కాళ్ళు కావు. వాళ్ళ నాన్న ఊరి పెద్దల కబుర్లు కొండ దాటించే మనిషి. ఆయన వెనకే పరిగెత్తుతూ పెరిగింది. పెళ్ళయ్యాక చేను అవతలి కొండ మీద పడింది. మధ్యాహ్నం రొట్టెలు వేడి చల్లారకముందే మొగుడికి అందించి, పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడేలోపు ఇంట్లో ఉండేది. అలాంటి మనిషిని తీసుకెళ్ళి చివరన నిలబెట్టారేమిటని ఎవరూ అడగలేదు, ఆవిడా అనలేదు. పని బాగా చేసేవాళ్ళ నెత్తిన మళ్ళీ అదే పని పడుతుంది, ఏ ఊళ్ళోనైనా అంతే కదా. రిబ్బన్లు చకచకా విప్పడానికని ఒక్క గుంజుకు ఊడివచ్చే ముడి కూడా ఆవిడే కనిపెట్టింది. ఊరంతా ఇప్పుడు ఆ ముడే వేస్తారు. అలా చీపురు మోస్తూనే పిల్లల పెళ్ళిళ్ళు చేసింది, మనవల్ని ఎత్తింది.

ఒక్క కోరిక మాత్రం మిగిలిపోయింది. పరుగులో ముందొచ్చిన ముగ్గురు మగవాళ్ళకూ, ముగ్గురు ఆడవాళ్ళకూ బాండువాళ్ళు లేచి నిలబడి గెలుపు బాజా వాయిస్తారు. అది చిన్న ముక్క, తుమ్మి తలెత్తేలోపు అయిపోతుంది. ఊరూ పేరూ తెలియని ఎందరికో ఫిదెన్సియో అది ఊదాడు. పెళ్ళానికి మాత్రం ఏనాడూ ఊదలేదు.

ఒకనాడు మొక్కజొన్నలు కడుగుతూ ఆ సంగతి జెనైదాతో అనేసింది. జెనైదా ఎలోయినా కూతురికి జ్ఞానస్నానపు తల్లి. అందుకని ఇద్దరూ ఒకరినొకరు "కొమాద్రే" అని పిలుచుకుంటారు.

"ఈ వయసులో ఇదేం పిచ్చే కొమాద్రే!" అంది జెనైదా.

"మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి. రేపు వినకపోతే ఎవరిని అడగను?"

జెనైదా కాసేపు గింజలు పిసికి, "సరేలే. చీపురు నేను మోస్తాను. వెళ్ళి సభలో అడుగు," అంది.

అడిగింది. ఊరి అడవికి ఆ ఏడు పెద్ద దోన్ అబుందియో. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "నువ్వు ముందుంటే మాకు భోజనం ఎప్పుడో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు. సభంతా ఘొల్లున నవ్వింది. నవ్వుతూనే చేతులెత్తి ఒప్పుకుంది.

పరుగు నాడు ఎలోయినా రోజూ వేసుకునే లంగా, నడుముకు ఎర్ర నేత పట్టీ, కాళ్ళకు తోలు చెప్పులతోనే బయల్దేరింది. పట్నం పిల్లల రంగురంగుల బూట్లు మొదటి ఎక్కుడులో టకటకమంటూ ఆవిడను దాటిపోయాయి. రెండో ఎక్కుడులో ఆవిడ వాళ్ళను దాటింది. నాచు పట్టిన సింధూర చెట్ల మధ్య వాళ్ళు ఒగురుస్తుంటే, "మెల్లగా అమ్మా, మెల్లగా. కొండ ఎక్కడికీ పోదు," అని చెప్పి మరీ దాటింది. శిఖరం చేరేసరికి ముందు ఇద్దరే ఆడవాళ్ళున్నారు, ఎలోయినా మూడో మనిషి. వెనక చూపుమేరలో ఎవరూ లేరు. ఒంటరిగా పరిగెత్తుతుంటే ఒళ్ళంతా సంతోషంతో తేలిపోయింది.

ఊటబావి దగ్గర నడుం పట్టీ వదులైనట్టనిపించి ఆగింది. అక్కడినుంచి ఊరు అడుగునే కనిపిస్తుంది. ఫిదెన్సియో బాకా మోత కూడా వినపడుతోంది. పట్టీ బిగించబోతే చేతికి మెత్తగా ఏదో తగిలింది. లాగి చూసింది. నారింజ రంగు రిబ్బన్లు, గుప్పెడు కాదు, పట్టీ నిండా.

ముందు నడుస్తున్నానన్న సంగతి కాళ్ళకు తెలిసింది గానీ చేతులకు ఎవరూ చెప్పలేదు. శిఖరం నుంచి ఇక్కడిదాకా కనిపించిన ప్రతి రిబ్బనూ ఏళ్ళ అలవాటు కొద్దీ గుంజి నడుంలో దోపుకుంటూ వచ్చేసింది.

"నా చేతులు పడిపోనూ!" అని బయటికే తిట్టుకుంది.

ఊరివాళ్ళకైతే రిబ్బన్లతో పనిలేదు. పట్నంవాళ్ళ మాటేమిటి? శిఖరం కింద దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది ఊరికి వస్తుంది, ఎడమవైపుది పాముల లోయలోకి జారిపోతుంది. పైగా సముద్రం వైపునుంచి మంచు మబ్బు అప్పుడే చెట్లలోకి దిగుతోంది. ఆ లోయ అంచున మంచులో కాలుజారిన ఆవులను ఎలోయినా చూసింది. కింద బాకా మోగుతూనే ఉంది. ఒక్క దిగుడు దిగితే తనకోసం ఊదుతాడు. ఆ చోటునే నిలబడి ఏడ్చినంత పని చేసింది. తర్వాత లంగా ఎగదోపి, వచ్చిన దారినే పైకి పరుగు తీసింది.

చీలిక దగ్గర కుడివైపు కొమ్మకు చేతికందినన్ని రిబ్బన్లు గుత్తిగా కట్టింది. ఎడమవైపు బురదలో బూటు గుర్తులు కనిపించాయి. కేకలు వేసుకుంటూ దిగింది. లోయలో మంచు మధ్య ముగ్గురు ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చున్నారు. అందులో ఒకాయన పట్నంలో పళ్ళ డాక్టరు, మనిషి దిట్టంగా ఉన్నాడు, మడమ బెణికింది. ఆయన బరువు భుజాన వేసుకుని ఎలోయినా పైకెక్కించింది.

"నా జన్మలో ఇంక పరిగెత్తనమ్మా," అన్నాడు డాక్టరు.

"ఇప్పుడు మాత్రం పరిగెత్తుతున్నారా ఏంటి? నడవండి," అంది.

వాళ్ళు చీలిక చేరేసరికి మిగతావాళ్ళంతా కుడివైపు దిగిపోయారు. వీపున చీపురుతో జెనైదా ఒక్కతే నిలబడి ఉంది.

"నువ్వేంటే ఇక్కడ! ఈపాటికి బాజా కొట్టించుకుని కూర్చుంటావనుకున్నా. పైనుంచి ఒక్క రిబ్బనూ లేదు, ఇక్కడేమో గుత్తి కట్టి ఉంది. ఎక్కడ దొరికాయి?"

"దారిలో," అని నీళ్ళు నమిలింది ఎలోయినా.

"ఇది యానెరి వాళ్ళ పనే! సరిహద్దు గొడవ కడుపులో పెట్టుకుని మన పరుగు పాడుచేద్దామని చూశారు," అంటూ జెనైదా దారి పొడుగునా ఆ పక్కూరివాళ్ళ ఏడు తరాలనూ దులిపి పోసింది. ఎలోయినా నడుం పట్టీ ఇంకాస్త బిగించుకుంది.

ఊళ్ళోకి వచ్చేసరికి జనం ఆకలికి నకనకలాడుతున్నారు. డాక్టరు బల్ల మీద కూలబడి జరిగింది చెప్పాడు. గెలుపు వదులుకుని వెనక్కి వచ్చిందనీ, ఈ తల్లి లేకపోతే లోయలోనే చచ్చేవాళ్ళమనీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. జెనైదా యానెరి సంగతి చెప్పింది. ఇంకేముంది, మగవాళ్ళు లేచారు.

"తెల్లారగానే యానెరి వెళ్దాం. ఈసారి మాటలతో తేలదు," అన్నాడు దోన్ అబుందియో. తర్వాత బాండు వైపు తిరిగి, "ఏమిటయ్యా చూస్తారు! ఈవిడకు కాకపోతే ఇంకెవరికి? గెలుపు బాజా!" అని అరిచాడు.

బాండు లేచి నిలబడింది. ఫిదెన్సియో బుగ్గలు పొంగాయి. కళ్ళు పెళ్ళాం మీదే ఉన్నాయి. అన్ని ఊదుళ్ళు విన్న ఎలోయినాకు ఆ ఊదుడు వేరుగా వినబడింది. ఒక్క క్షణం చెవులారా విన్నది.

తర్వాత, "ఆపండి," అంది. ఎవరికీ వినపడలేదు. నడుం పట్టీ విప్పి, మిగిలిన రిబ్బన్లన్నీ దోన్ అబుందియో ముందు బల్ల మీద కుప్ప పోసింది. వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగాయి. బాకా అన్నిటికన్నా చివర ఆగింది.

"యానెరి వాళ్ళను ఏమీ అనకండి. విప్పింది నేను. కావాలని కాదు, చెయ్యి విప్పేసింది," అంది.

దోన్ అబుందియో ఒక రిబ్బను తీసి, ముడి నలిగిన చోటు చూసి, నవ్వాలో కోప్పడాలో తెలియక టోపీ పెట్టుకున్నాడు. "తప్పు తప్పే. వచ్చే ఏడు చీపురు నీదే," అన్నాడు. జెనైదా వీపునున్న చీపురు విప్పి, "ఇదిగో కొమాద్రే, నీ ఆస్తి. నా చేత అన్ని తిట్లు తిట్టించావు కదే!" అంది. అప్పుడు నవ్వారు అందరూ. ఆకులు తీశారు. ఎలోయినా ముందు ఏడ్చింది, ఏడ్చాక తిన్నది.

ఇంటికి నడుస్తూ ఫిదెన్సియో బాకా భుజం మార్చుకున్నాడు.

"సగంలో ఆపించాను. కోపమా?" అంది ఎలోయినా.

"ఆపమన్నావు, ఆపాను. మిగతా సగానికని పీల్చిన ఊపిరి మాత్రం ఇంకా లోపలే ఉందే."

"అలాగే పట్టి ఉంచు మరి. వచ్చే ఏడు ఎలాగూ చీపురే. ఆ పై ఏడు వచ్చి తీసుకుంటా."