మల్లఖంబం ఎక్కలేని టీచర్ని

ఆ ఉదయం మల్లఖంబం సగం ఎక్కేసరికే నాకు ఊపిరి అందలేదు. నేను వరంగల్‌లో ఆడపిల్లల బడిలో పీటీ టీచర్ని. నేలలో పాతిన నున్నటి టేకు స్తంభం మీద, కాళ్లూ చేతుల పట్టుతోనే చేసే ఆసనాలు పిల్లలకు నేర్పేదాన్ని. కొత్తవాడలో తివాచీలు నేసే మా నాన్నే, అక్కడి వ్యాయామశాలలో నాకీ విద్య నేర్పాడు. స్తంభానికి రాసిన ఆముదం వాసన తగిలితే చాలు, కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

ఆ రోజు నిద్ర చాలలేదనుకున్నాను. తర్వాత సాయంత్రాలు జ్వరం, దగ్గు. జాకెట్లు వదులయ్యాయి. కాజీపేట రైల్వేలో పనిచేసే మా ఆయన, "ఇగ ఆగొద్దు సరోజా, దవాఖానకు పోదాం నడువు" అని తీసుకెళ్లాడు. ఎక్స్‌రే, కఫం తీసి చేసిన స్పుటమ్ టెస్ట్ చూసి డాక్టర్ గారు చెప్పారు: "లంగ్‌లో షాడో ఉంది. టీబీ. నయమవుతుంది, కోర్సు మాత్రం పూర్తి చెయ్యాలి."

"మళ్ల ఖంబం ఎక్కుతనా సార్?"

"ముందు బతకాలి కదమ్మా."

రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, మాత్రలు. బడికి సెలవు పెట్టాను. మంచంలో కళ్లు మూసుకుంటే, తలకిందులుగా వేలాడి చూసిన బడి ఆవరణే కనిపించేది. ఏడో తరగతి పద్మకు అన్ని ఆసనాలూ వచ్చు, తలకిందులవ్వడమే భయం. ఆ భయం పోగొట్టకముందే వచ్చేశానే అని మనసు కొట్టుకునేది.

జ్వరం తగ్గింది, కాస్త ఒళ్లు చేశాను. కానీ నడిస్తే నేల ఊగేది, చెవుల్లో హోరు. "నీరసం బిడ్డా, గిన్ని పాలు తాగు" అనేది అమ్మ. నేనూ అదే నమ్మాను. ఒకరోజు మొహం కడుక్కుంటూ కళ్లు మూశానో లేదో, పడిపోయాను. విషయం వినగానే డాక్టర్ గారు ఇంజెక్షన్ ఆపి మందు మార్చారు. "ఈ ఇంజెక్షన్ వల్ల చెవిలో బ్యాలెన్స్ నరం దెబ్బతిన్నది. హోరు మొదలైనప్పుడే నాకు చెప్పాల్సిందమ్మా."

కఫంలో క్రిములు లేవని, స్పుటమ్ నెగటివ్ వచ్చాక బడికి వెళ్లాను. పిల్లలు వెళ్లిపోయాక, మా ఆయన కింద కాపు ఉండగా స్తంభం ఎక్కాను. తల వంచగానే నేలా ఆకాశమూ గిర్రున తిరిగాయి. జారి ఆయన చేతుల్లో పడ్డాను.

"ఫికర్ జెయ్యకు, మెల్లగ వస్తది" అన్నాడు. రాలేదు.

కింద నిలబడి నోటితోనే నేర్పడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు పద్మ పైనుంచి అరిచింది: "టీచర్, చేతులు ఇడుస్తాన! చూస్తాండ్రా?"

"చూస్తాన బిడ్డా. మోకాళ్లు బిగవట్టు. భయపడకు."

ఆ పిల్ల తలకిందులైంది. కింద నా మోకాళ్లు చీరలోనే బిగుసుకున్నాయి.

కోర్సు పూర్తయి కొన్నేళ్లయింది. జబ్బు తిరిగి రాలేదు. చీకట్లో మాత్రం గోడ పట్టుకునే నడుస్తాను. ఏ పిల్ల స్తంభం ఎక్కినా నా ఒళ్లు ఇంకా దానితోపాటే పైకి లేవబోతుంది.

ఈ ఇంజెక్షన్లు తీసుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. చెవిలో హోరు పుట్టినా, నడకలో తూలినా నీరసమని సరిపెట్టుకోకండి. మందు మీ అంతట మీరు మానకండి, ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి.