గదికో వంక

బాబాయిగారికి హోటలు గది నచ్చదు. ఏ దేశమైనా, ఏ ఊరైనా, ఎంత పేరున్న హోటలైనా సరే, తాళం తీసి, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు ఇంకా గుమ్మం బయట ఉండగానే "అబ్బే" అంటారు. ఆ మాట వినగానే పిన్నిగారు పెట్టె కింద పెట్టబోయి ఆగిపోతారు. ఎలాగూ మళ్లీ ఎత్తాల్సిందే కదా అని.

ఆయన ఎవరికి బాబాయి అంటే చెప్పడం కష్టం. కళ్లద్దాల దుకాణం నడిపినన్నాళ్లూ ఊళ్లో సగం ముక్కుల మీద అద్దాలు నిలబెట్టిన మనిషి కాబట్టి అందరికీ బాబాయే. ఆ దుకాణం పక్క గదిలోనే పిన్నిగారి కుట్టు మిషను. రెండూ మూసేశాక ఏడాదికోసారి టూరు కంపెనీతో విదేశాలు తిరగడం మొదలుపెట్టారు. పాత కోటలు, పాత మేడలు, వాటి పక్కన వాటంత పాత హోటళ్లు. తోడొచ్చేది కూడా దాదాపు అదే గుంపు. ఓ లాయరుగారు, ఆయన భార్య, రిటైరైన నర్సమ్మ, కొత్తగా కలిసే ఒకరిద్దరు, వీళ్లెవరూ తప్పిపోకుండా కాపలా కాసే మేనేజరు.

"అంతా అద్దాలమ్మిన అలవాటు" అనేవారు పిన్నిగారు. "'ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా' అని జన్మంతా జనాన్ని అడిగారు. ఇప్పుడు తనే ఆ కుర్చీలో కూర్చున్నారు."

ఒకసారి, వెనకటి కాలంలో జైలుగా ఉన్న భవనాన్ని హోటలు చేస్తే అందులో దిగారు. గదులంటే ఖైదీల కొట్లే. ఇనుప తలుపులకి రంగు మాత్రం కొత్తది. బాబాయిగారి అదృష్టం కొద్దీ జైలరు గది వచ్చింది. పెద్ద పెద్ద కిటికీలు, పడుకుంటే మనిషి కనపడనంత పరుపు.

"అబ్బే!"

"దీనికేమైందండీ?"

"జైలరు పడుకున్న గది. ఎంతమంది ఉసురు పోసుకున్నాడో ఏమో. నాకిక్కడ నిద్ర పట్టదు."

"ఖైదీ గదిలో పడుతుందా?"

"పడుతుంది. వాడు పాపం పగలంతా రాళ్లు కొట్టి వచ్చి పడుకునేవాడు. ఆ గదికి నిద్ర అలవాటే."

వరండాలో నిలబడి "గది మార్చుకునేవాళ్లెవరైనా ఉన్నారా!" అని కూరగాయలమ్మినట్టు కేకేశారు. "ఏదో, మీ తృప్తి కోసం" అంటూ లాయరుగారు తన కొట్టు ఇచ్చి జైలరు గది పుచ్చుకున్నారు. పిన్నిగారు ఆ కొట్లో చెయ్యి చాపితే ఈ గోడ, కాలు చాపితే ఆ గోడ.

మరో ఏడు లైట్‌హౌసులో దిగారు. ఓడలకి దారి చూపించడం మానేసి మనుషులకి పక్కలు వేస్తోంది. అన్నిటికన్నా పై గది బాబాయిగారిది. ఏ వైపు చూసినా నీళ్లే.

"సార్, దీన్ని మించిన గది ఈ దేశంలోనే లేదు" అన్నాడు మేనేజరు ముందు జాగ్రత్తగా.

"గదికేమయ్యా, బాగానే ఉంది. సముద్రమే మరీ ఎక్కువగా ఉంది."

"తగ్గించమంటారా సార్?"

"నీ వల్ల కాదుగా. అందుకే గది మార్చు."

ఆ గది కొత్తగా పెళ్లయిన జంటకి పోయింది. వాళ్ల గది వీళ్లకి వచ్చింది. దాని పక్కనే వంటిల్లు. ఊరికి తిరిగొచ్చి ఎన్ని ఉతుకులు ఉతికినా పిన్నిగారి బట్టల్లోంచి వేయించిన చేపల వాసన పోలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆవిడకి అంతు చిక్కేది కాదు. వచ్చిన గదికి వంద వంకలు పెట్టే మనిషి, మార్చుకున్న గదిని పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆ ఇరుకులో, ఆ వాసనలో గుర్రు పెట్టి నిద్రపోయేవారు.

అందుకే ఈ ఏడు ప్రయాణానికి ముందే పిన్నిగారు ఆయన చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకున్నారు.

"ఈసారి గది మార్చనని ఒట్టెయ్యండి."

"ఎంత మాట! అసలు నేనెప్పుడైనా..."

"వెయ్యండి ముందు."

వేశారు. వేయించుకోవడానికి కారణం ఉంది. ఈసారి దిగబోయేది ఒక రాజుగారి మేడ. అందులో రాణిగారి గది బొమ్మని పిన్నిగారు కుట్టే రోజుల్లోనే ఏదో పత్రికలోంచి కత్తిరించి మిషను ఎదురుగా గోడకి అంటించుకున్నారు. మంచం చుట్టూ తెరలు, తెరల నిండా లతలు, పక్షులు. బొమ్మలో పైవైపే కనిపిస్తుంది. కుట్టేవాళ్లకి కావాల్సింది వెనకవైపు. ముడులు ఎక్కడ దాచారో, దారం ఎలా తిప్పారో తిరగేసి చూడాలని ఆవిడ కోరిక. ఆ తెరల మధ్య పడుకోవాలనీ, తెల్లారి లేచి తోటలోకి దిగి కోట చూడాలనీ ఇంకో కోరిక. ఆ గది కోసం టూరు ప్రకటించిన నాడే మేనేజరు పీకల మీద కూర్చుని పేరు రాయించారు.

రాణిగారు పెద్దవయసులో మెట్లెక్కలేక కింద అంతస్తులో కట్టించుకున్న గది అది. బాబాయిగారు లోపల కాలు పెట్టారు. రెండో కాలు కూడా పెట్టారు. నోరు మాత్రం తెరవలేదు. పిన్నిగారు పెట్టె కింద పెట్టి, తిన్నగా మంచం దగ్గరికి పోయి తెర తిరగేశారు. వెనక కూడా పక్షులే! ఒక్క ముడి కనపడదు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

తాళాలు పంచగానే అందరి గదుల్లోకీ తొంగి చూసి రావడం బాబాయిగారి అలవాటు. ఈసారీ వెళ్లొచ్చారు. వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు.

"పరుపు మెత్తగా ఉంది" అన్నారు, ఎవరో పోయారని చెబుతున్నట్టు.

"బాగాలేదా?"

"చాలా బాగుంది. కిటికీ కూడా బాగుంది." పెద్ద నిట్టూర్పు విడిచారు. "గాలి ఎంత బాగా వస్తోందో చూశావా?"

ఆయన ఒక గదిని మెచ్చుకోవడం పిన్నిగారు ఎన్నడూ వినలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నుదురు తాకి చూశారు. చల్లగానే ఉంది.

టీ వేళకి, కుర్చీ వదలని బాబాయిగారూ నర్సమ్మా తప్ప, అందరూ తోటలోకి వచ్చారు. "నర్సమ్మగారికి తలనొప్పిగా ఉందట. రేపు కోటకి కూడా రానన్నారు" అన్నాడు మేనేజరు. పిన్నిగారికి ఆశ్చర్యం వేసింది. ఈ కోట చూడాలనే కదా నర్సమ్మ కిందటేడు నుంచి కలవరిస్తోంది! ఓసారి చూసొద్దామని లేచారు. నర్సమ్మకి వచ్చింది పై కప్పు కింద పరిచారికల గది. పాత కట్టడం, మేకు కూడా కొట్టకూడదు కాబట్టి లిఫ్టు లేదు. చుట్టలు తిరిగిపోయే ఇరుకు మెట్లు. సగం ఎక్కేసరికే పిన్నిగారికి ఆయాసం వచ్చింది. అక్కడే, ఆ సగం మెట్ల మీదే, నర్సమ్మ రెండు మోకాళ్లూ చేత్తో నొక్కుకుంటూ కూర్చుని ఉంది. ఒళ్లో బిస్కెట్ల పొట్లం.

"ఇక్కడ కూర్చున్నావేమిటి?"

"కోట కనిపిస్తుంటేనూ, చూస్తున్నా వదినా."

ఆ మెట్ల దగ్గర కిటికీ లేదు.

"భోజనానికి దిగి వచ్చావా?"

"ఆకలి లేదు. అయినా ప్రతి పూటా దిగి ఎక్కడమేమిటి, నేనేమన్నా పిల్లినా?"

"రేపు కోటకి వాన్ పైదాకా పోతుందటగా. అక్కడ ఎక్కే పనే లేదు."

"ఈ మెట్లు దిగాలి కదా వాన్ దాకా. పోనిద్దూ, కోటలన్నీ ఒక్కలాగే ఉంటాయి."

పిన్నిగారి మనసు ఆగలేదు. "పోనీ మా గది తీసుకోరాదూ? కిందే ఉంది."

అంతే, నర్సమ్మ కస్సుమంది. "ఎందుకూ? నాకేమైందని? ఎన్ని వార్డులు తిరిగిన కాళ్లనుకున్నావు ఇవి! నేను నర్సుని, పేషెంటుని కాను. నా మీద జాలిపడే పనేం పెట్టుకోకండి మీరు."

పిన్నిగారు మెట్లు దిగారు. దిగుతుంటే ఒక్కో మెట్టు మీదా ఒక్కోటి గుర్తుకొచ్చింది. జైలు హోటల్లో లాయరుగారు ఇనుప తలుపు వేస్తే ఊపిరాడక వరండాలో పచార్లు చేస్తూ, పేపరు చదువుకుంటున్నానని బుకాయించడం. లైట్‌హౌసులో ఆ కొత్త జంట గదిలో రెండు మంచాలూ ఎదురెదురు గోడలకి మేకులేసి బిగించి ఉండటం. ఇస్తానంటే వీళ్లలో ఎవరు పుచ్చుకునేవారు? నచ్చలేదని ఈయన పారేశారు కాబట్టి, పైగా ఆయనకేదో ఉపకారం చేస్తున్నట్టు పుచ్చుకున్నారు.

బాబాయిగారు ఇంకా కుర్చీ అంచునే ఉన్నారు.

"నర్సమ్మ గది చూశారా?"

"చూశాను."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఇచ్చేస్తావు. ఎప్పుడో ఒకసారైనా మంచి గదిలో పడుకోవాలిగా నువ్వు." తల ఒంచుకున్నారు. "పైగా ఒట్టొకటి."

"ఒట్టేసింది మీరు. నేను కాదు" అన్నారు పిన్నిగారు.

మంచం దగ్గరికి వెళ్లి, ఆ తెరని మరోసారి తిరగేసి, వేలితో ఒక పక్షి రెక్క నిమిరి వదిలారు. తర్వాత మెట్ల మొదట్లోకి వచ్చి, పై అంతస్తు దాకా వినపడేలా గొంతెత్తారు.

"ఏమయ్యా మేనేజరూ! ఇదేనా మీ రాణిగారి గది? ఆ తెరల కుట్టు చూశావా? అంతా వంకర! దాని కింద పడుకుంటే నాకు తెల్లవార్లూ విప్పి కుట్టాలనే ఉంటుంది. నేను పడుకోను గాక పడుకోను!"

తోటలోని వాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. మేనేజరు బాబాయిగారి వైపు చూశాడు. బాబాయిగారు ఏమీ ఎరగనట్టు కప్పు వైపు చూశారు. లాయరుగారి భార్య బుగ్గన చెయ్యి పెట్టుకుంది. పిన్నిగారు ఊరుకోలేదు. పూవుల్నీ, ఆకుల్నీ, పక్షుల్నీ ఒక్కోదాన్నీ ఏకి పెట్టారు.

కాసేపటికి గోడ పట్టుకుని నర్సమ్మ మెల్లిగా దిగి వచ్చింది. "ఇదేం గోల వదినా! కుట్టు వంకరైతే నిద్ర పట్టదా? ఇలా తే తాళం. వార్డుల్లో బల్లల మీద పడుకున్నదాన్ని, నాకేం పట్టింపుల్లేవు. నువ్వు పోయి నా గదిలో పడుకో!"

"నిజంగానా? నీకేం ఇబ్బంది లేదుగా?"

"ఇబ్బందే. కానీ ఏం చేస్తాం, నువ్వు ఇల్లు పీకి పందిరి వేస్తుంటే!"

మర్నాడు పొద్దున్న వాన్ దగ్గరికి అందరికన్నా ముందు వచ్చింది నర్సమ్మే. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, కడుపునిండా తిని వచ్చింది. బాబాయిగారూ పిన్నిగారూ చివరి మెట్టు దిగి, నడుములు పట్టుకుని వస్తుంటే పిన్నిగారిని పక్కకి పిలిచింది.

"ఇన్నేళ్లూ ఆయన్ని ఆడిపోసుకున్నాను వదినా, పాపం. ఇప్పుడు తెలిసింది. వంకలన్నీ నీవి. నీకు చెడ్డపేరు రాకూడదని ఆ మహానుభావుడు ఏళ్ల తరబడి తన మీద వేసుకున్నాడు."

"ఎలా వేగుతున్నారండీ బాబాయిగారూ!" అంది లాయరుగారి భార్య జాలిగా.

బాబాయిగారు ఎంతో ఓర్చుకున్నవాడిలా మొహం పెట్టారు. "ఏదో, అలవాటైపోయిందమ్మా."

పిన్నిగారు నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే నర్సమ్మ ఎవరి చెయ్యీ అందుకోకుండా వాన్ ఎక్కి, కోట కనిపించే వైపు కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది. పిన్నిగారు నోరు మూసుకుని, బాబాయిగారి పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా ఆయన మోచేతి పైన గట్టిగా గిల్లారు.

ఆయన ఎగిరిపడ్డారు. నర్సమ్మ వెనక్కి తిరిగింది. "ఏమైందండీ? సీటు బాగాలేదా?"

"బాగుందమ్మా" అన్నారు బాబాయిగారు చెయ్యి రుద్దుకుంటూ. "ఎక్కడికీ మారను."