కరీమున్నీసా హస్తవాసి

వన్ టౌన్‌లో ఇత్తడి సామాన్ల కొట్టు మేడ మీద గది కరీమున్నీసాది. చెవికి సన్నటి సూదులు గుచ్చి ఆకలి తగ్గించే వైద్యం ఆమె హైదరాబాదులో నేర్చుకుని, తొంభైల చివర్లో ఇక్కడ మొదలుపెట్టింది. మగ డాక్టరు ముందు తమ ఒంటి గురించి మాట్లాడలేని ఆడవాళ్లు ఆ ఇరుకు మెట్లు ఆయాసపడుతూ ఎక్కి వచ్చేవారు. హస్తవాసి మంచిదని పేరు.

2006లో దీవెన అనే డాక్టరమ్మ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. తిండి బొమ్మలు చూసినప్పుడు లావుపాటి మనుషుల మెదడులో ఏ చోట్లు చురుకవుతాయో స్కానింగులో చూసి, సూదుల తర్వాత మళ్లీ చూడాలని ఆవిడ పరిశోధన.

“సగంమందికి అసలు చోట పెట్టండాంటీ. మిగతావాళ్లకి ఆకలితో సంబంధం లేనిచోట పైపైన గుచ్చండి. ఎవరికేదో వాళ్లకి తెలియకూడదు.”

“తెలిసి తెలిసి ఉత్తి సూది పెట్టమంటారా డాక్టరుగారూ?”

“అలా ఉంటుందని ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లనే తీసుకుంటాం.”

తన సూది మీద కరీమున్నీసాకి గురి. దాని సత్తా ఫొటోల్లో తేలనీ అనుకుని సరేనంది.

మంగళగిరి హాస్టల్లో వంట చేసే శౌరమ్మకి, ఎవరికేదో తేల్చడానికి తీసిన చీటీల్లో ఉత్తి సూది వచ్చింది.

“పొద్దస్తమానం పొయ్యి దగ్గరే గదండీ. ఉప్పు చూట్టం, పులుపు చూట్టం. తిన్నట్టూ ఉండదు, తినకుండా ఉన్నట్టూ ఉండదు,” అంటూ చెవి అప్పగించింది శౌరమ్మ. “మీ చెయ్యి పడింది, ఇంక నాకు బెంగ లేదండీ.”

కరీమున్నీసా ఆమె మొహంలోకి చూడలేకపోయింది. సూదులు ఉన్నంతసేపూ పక్కనే కూర్చుని కబుర్లు చెప్పింది. వచ్చినప్పుడల్లా అలాగే చేసింది.

కొన్ని వారాలకి శౌరమ్మ జాకెట్టు వదులైంది. “బజ్జీల వాసనొచ్చినా చెయ్యి పోవట్లేదండీ!” అని మురిసిపోయింది.

పరిశోధన ముగిశాక దీవెన మెదడు ఫొటోలు బల్ల మీద పరిచింది. మొదట్లో బిర్యానీ బొమ్మకి ఎర్రగా వెలిగిన చోట్లు తర్వాత వెలిసిపోయాయి. ఉత్తి సూదులవాళ్లకీ అంతే.

“కొద్దిమందే కాబట్టి గట్టిగా ఏమీ చెప్పలేం. కానీ రెండు గుంపులకీ తేడా మాత్రం కనపళ్లేదాంటీ,” అంది దీవెన మెల్లగా.

ఆ పూట కరీమున్నీసాకి అన్నం సయించలేదు. ఇన్నేళ్లూ తగ్గినవాళ్లంతా దేనివల్ల తగ్గినట్టు? తన సూదివల్లా, నమ్మకంవల్లా?

ఎవరికేది పెట్టారో చెప్పే రోజున శౌరమ్మకి తనే చెప్పింది. శౌరమ్మ మొహం చిన్నబోయింది.

“ఉత్తివి పెడతారని చెప్పారండీ, కాదన్ను. మీరు మాత్రం నాకు పెట్టరనుకున్నా,” అని చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ నెల్లోనే కరీమున్నీసా బోర్డు మీద ‘సన్నబడతారు’ అన్న మాట చెరిపించింది. నడుము నొప్పికీ, మోకాళ్లకీ మాత్రం సూదులు పెడుతూ వచ్చింది. వచ్చేవాళ్లు పలచబడ్డారు.

వానాకాలం వెళ్లాక శౌరమ్మ మళ్లీ వచ్చింది.

“ఒళ్లు తిరిగొస్తందండీ. ఈసారి నిజం సూది పెట్టండి.”

“ఏది నిజమో నాకే తెలీట్లేదు శౌరమ్మా. తెలియనిది నీకు పెట్టలేను. దీవెనగారి దగ్గర రక్తపరీక్ష చేయిద్దాం. నేనూ వస్తా.”

శౌరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, “ఇప్పుడే పోదాం పదండి,” అంది.

పరీక్షలో థైరాయిడ్ లోపం బయటపడింది. మాత్రలతో, నడకతో ఆమె కొంత తగ్గింది. సన్నబడిందని మాత్రం ఎవరూ అనరు. ఊళ్లోకి సరుకులకి వచ్చిన రోజున, వైద్యమేమీ లేకపోయినా ఆ మేడెక్కి, ఇద్దరూ టీ తాగి, మాట్లాడుకున్నంతసేపు మాట్లాడుకుని మంగళగిరి బస్సెక్కుతుంది.