పడవలో రెండో మనిషి

మొన్న ఆయుధ పూజకు మా అబ్బాయి కొత్త గేమ్ మెషిన్ అట్టపెట్టె విప్పగానే గుప్పుమన్న ప్లాస్టిక్ వాసన నన్ను ముత్తియాల్‌పేటలోని మా ఇరుకు ముందుగదికి లాక్కుపోయింది. వాడు ఫోనులో ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం పెట్టాడు. ఎన్ని మెషిన్లు మారినా, వాడు దాంతోపాటు తెప్పించుకున్న ఈ పడవ గేమ్‌ను జనం వదలకపోవడానికి కారణం బొమ్మల నాణ్యతట, కథట. ఒళ్ళు మండింది. మా సరోజక్క సంగతి ఆయనకేం తెలుసు?

మా చిన్నప్పుడు అది టీవీ గేమ్, లోపల దూర్చేది క్యాసెట్, చేత్తో పట్టుకునేది రిమోట్. ఒకే పడవలో ఇద్దరు, ఒకరు తెడ్డు వేయాలి, ఒకరు మొసళ్ళను కొట్టాలి. తెడ్డు ఎప్పుడూ అక్కదే. ఎండాకాలం మధ్యాహ్నాలు వీధిలో ఐసు బండి గంట మోగుతుంటే, వంటింట్లోంచి వడియాలు వేగే వాసన వస్తుంటే, పిల్లలంతా చాప మీద ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు చప్పరిస్తూ కాచుకుని, వంతు రాగానే చేతులు చొక్కాకి తుడుచుకుని అక్క పక్కన చేరేవాళ్ళు. సుడిగుండంలోంచి పడవను ఎలా తప్పించాలో అందరికీ నేర్పింది అక్కే. తర్వాత ఎవరింట్లో ఏ మెషిన్ కొన్నా, ఏడ్చి మరీ ఆ గేమే తెప్పించుకున్నారు. మెషిన్ కొత్తదైనా సుడిగుండం పాతదే, చెయ్యి తిరిగినదే. అదీ అసలు కారణం.

ఆయుధ పూజ నాడు మా అవ్వ ఇంట్లో పనికొచ్చే ప్రతి వస్తువుకీ చందనం, కుంకుమ పెట్టేది. నాన్న మిల్లుకెళ్ళే సైకిలు, అమ్మ కుట్టుమిషను, కత్తిపీట అయ్యాక ఓ ఏడాది టీవీ గేమ్ దగ్గరికొచ్చి, క్యాసెట్ దూర్చే సందులోనే ఇంత చందనం ముద్ద దండిగా అద్దింది.

"పిల్లోళ్ళు దీంతోనే గదా బతకతా ఉండేది, దీనికీ పెట్టాల," అంది.

బొరుగులూ బెల్లమూ తినొచ్చి స్విచ్చి వేస్తే అది మరి వెలగలేదు.

దానికి అవ్వను తప్పుపట్టను, భక్తితో చేసింది. ఆ తర్వాత చేసినదాన్నే ఈనాటికీ క్షమించలేను. ఆట ఎదురింటి సెల్వం వాళ్ళ కొత్త మెషిన్‌కు మారింది. మగపిల్లలం అందరం అటు పరిగెత్తాం. అక్క కూడా చెప్పులేసుకోబోతే అవ్వ గడపకు అడ్డం కూర్చుంది.

"యాడికి? మగపిల్లోళ్ళ మధ్యన నీకేంది ఆట?"

"నేను నేర్పిందే గదవ్వా!"

"నేర్పితివి గదా, సాలు."

నాన్న పేపర్లోంచి తలెత్తలేదు. అమ్మ కుట్టుమిషను తొక్కుతూనే ఉంది. అక్క కిటికీ పక్కన కూర్చుని, ఎదురింటి టీవీ వెలుతురు చూస్తూ, ఒళ్ళో బొటనవేళ్ళు కదుపుతూ ఉండిపోయింది.

ఇన్నేళ్ళకు, మొన్న రెడ్డియార్‌పాళయం నుంచి పండక్కి వచ్చిన అక్క, మా వాడు పడవ గేమ్ పెట్టగానే కళ్ళజోడు సవరించుకుని వాడి పక్కన చాప మీద చేరింది.

"రెండో రిమోట్ యాడరా?"

"ఇప్పుడు ఒకరే అత్తా. తెడ్డు మెషినే వేసుకుంటాది."

వీధి మొత్తాన్నీ ఆ ఆటలోకి లాగిన మనిషి చోటును పీకి పారేసి, అదేదో ఘనకార్యమైనట్టు అట్టపెట్టె మీద రంగుల్లో అచ్చేసుకున్నారు, ఈ గేమ్ చేసిన సిగ్గులేని వాళ్ళు. ఆనాడు అవ్వనే ఒప్పించలేకపోయిన అక్క ఈనాడు వీళ్ళకేం చెబుతుంది?

తెర మీద సుడిగుండం వచ్చింది. మెషిన్ పడవను దానంతటదే తిప్పి గట్టెక్కించింది. మా వాడు చప్పట్లు కొట్టాడు. అక్క బొటనవేళ్ళు ఒళ్ళో ఇంకా కదులుతూనే ఉన్నాయి.