సొల్దా తాత సిగారూ, నా పిప్పిపన్నూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియదన్న సంగతి ఒక్కటే తెలియదు. ఇరవై రెండేళ్ళ వయసు, మెకానికల్ డిప్లొమా, జేబులో పెన్ను, పెన్ను పక్కన ఒక చిన్న స్టీలు స్కేలు. ఇన్ని ఉన్నవాడు నోరు మూసుకుని కూర్చోవడం కష్టం. అందుకే ఒక సాయంత్రం పుదుచ్చేరి సముద్రం ఒడ్డు మైదానంలో, పదిమంది పెద్దవాళ్ళ మధ్య, జన్మలో బీడీ ముక్క కూడా ముట్టని నేను, సిగార్‌లోంచి పొగ ఎందుకు రాదో వివరంగా చెప్పి, వచ్చేటట్టు చేసే పనిముట్టు తయారుచేసి ఇస్తానని మాట కూడా ఇచ్చేశాను. నన్నెవరూ అడగలేదు. అదే అందులో అసలు తెలివితక్కువతనం (అడిగి ఉంటే కనీసం నేరం వాళ్ళ మీదకైనా నెట్టేవాణ్ణి).

మాట ఇచ్చింది సొల్దా తాతకి. ఆయన మా అమ్మకు చిన్నాన్న. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చి పెన్షన్ తీసుకునేవాళ్ళని మా ఊళ్ళో సొల్దా అంటారు. మా ఇంట్లో అందరికీ లోపల తెలుగు, వీధిలో తమిళం. ఆయనకు మాత్రం కోపమొస్తే ఫ్రెంచి. సొల్దాలంతా సాయంత్రం పూట ఆ మైదానంలో చేరి, ఇనప గుండ్లు విసిరే పెటాంక్ ఆట ఆడేవాళ్ళు. ఏటా జూలై పద్నాలుగున, ఫ్రెంచివాళ్ళ పండుగ రోజు, కోట్ల మీద పతకాలు తగిలించుకుని కవాతు చేసి, అటుతర్వాత మైదానానికొచ్చి తలా ఒక సిగార్ ముట్టించేవాళ్ళు. తాతకు ఫ్రాన్సులో ఉండిపోయిన పాత స్నేహితుడొకడు పెట్టెడు పంపించేవాడు. దాన్ని చుట్ట అంటే తాత ఊరుకోడు. సిగార్ అనాలి, చివరి అక్షరాన్ని గొంతులో కాస్త పుక్కిలించి మరీ అనాలి.

ముందటేడు పండుగనాడు అందరి నోటా పొగ వచ్చింది, తాత నోట రాలేదు. పీల్చాడు, పీల్చాడు, బుగ్గలు రెండూ లోపల ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి గానీ పొగ మాత్రం రాలేదు. ఎదురుగా నిలబడిన మీసాల సొల్దా, “నీ దమ్ము అయిపోయిందయ్యా, ఇంగ కట్టె పట్టుకో” అని నవ్వాడట. ఆ మాట తాతకు లోపల ఎక్కడో తగులుకుంది. పొగ రాలేదు సరే, దాంతోపాటు పొగరు కూడా పోయింది ఆయనకి. మేడ మెట్లు ఎక్కడం మానేశాడు. గుండు విసరడం మానేసి బెంచీ మీద కూర్చుని ఇతరుల ఆట చూసేవాడు. ఆ సాయంత్రం నేను పక్కన కూర్చుంటే, “ఊపిరి లేనోడికి ఆటేందిరా” అన్నాడు, ఎవరి గురించో చెప్పినట్టు.

“నీ ఊపిరికేం తాతా. లోపం సిగార్‌లో ఉండాది. లోపల ఆకు ముద్దకట్టి గాలికి దోవ మూసేసింది. దీన్ని ఫ్లూయిడ్ మెకానిక్స్ అంటారు” అన్నాను.

“జబ్బు పేరు చెప్పినావు. మందు యాడుండాది?”

“నేను చేసిస్తా. పద్నాలుగో తేదీకి నీ చేతిలో పెడతా.”

పక్కనే ఉన్న బావ నవ్వాడు. బావంటే మా అక్క మొగుడు. ముత్తియాల్‌పేటలో ఆయనకు లేత్ వర్క్‌షాపు ఉంది, నేను అందులోనే పని నేర్చుకుంటున్నాను. నాకు థియరీ అని పేరు పెట్టిన మహానుభావుడు కూడా ఆయనే. పనిలో చేరిన కొత్తలో ఒక రంధ్రానికి మర వేయబోయి, ఆ మర కోసే ట్యాప్‌ని విరగ్గొట్టి, అది ఎందుకు విరిగిందో బలపంతో గోడ మీద సూత్రం రాసి నిరూపించాను. అప్పట్నుంచి వీధి చివర టీ కొట్టు దాకా నేను థియరీనే; ఇనిషియల్స్‌తో సహా ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఒకటుందని బస్ పాస్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. బావ నన్ను లేత్ మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు తెచ్చే కత్తిపీటలకు పదును పెట్టడమే నా ఉద్యోగం.

“తాత నోట్లోంచి పొగొచ్చిందా, రేపట్నుంచి లేత్ నీదిరా థియరీ,” అన్నాడు బావ. “రాలేదా, నువ్వు ముసిలోడయ్యేదాకా కత్తిపీటలే.”

మొదటి పనిముట్టు దబ్బనం, గోనెసంచులు కుట్టే ఆ పెద్ద సూది. తాత పెట్టె తెరిచి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో ఒక సిగార్ ఇచ్చాడు. దూర్చాను. ఆకు మర్యాదగా పక్కకి జరిగింది. దబ్బనం బయటికి తీయగానే, బాహూరు బస్సులో జనంలా, మళ్ళీ ఖాళీ అంతా సర్దుకుంది. ఇంకొంచెం గట్టిగా పొడిచాను, పై ఆకు నిలువునా చీలింది. రెండో పనిముట్టు సన్నటి డ్రిల్ బిట్టు. చేత్తో తిప్పితే తవ్వుకుంటూ పోతుందని లెక్క వేశాను. పోయింది కూడా. పోతూ పోతూ ఆకుని తనకు చుట్టుకుని, సిగార్‌ని చుట్టిన దిక్కుకు ఎదురు దిక్కున తిప్పి మొత్తం విప్పేసింది. చివరికి తాత చేతిలో మిగిలింది దాని నడుముకుండే రంగు కాగితం పట్టీ. ఆయన దాన్ని వేలికి ఉంగరంలా తొడుక్కుని కాసేపు చూసుకుని, పెట్టెకు తాళం వేశాడు.

“ఇంగ చాలురా. పండగనాడు అందరి ముందర ఒకటి ముట్టిస్తా. వస్తే వచ్చె. రాలేదంటే మానేసినానని చెప్పేస్తా. సిగారూ, కవాతూ, రెండూ.”

ఆ రెండో మాట నాకు నచ్చలేదు. సిగార్ మానేసే ముసలివాళ్ళని డాక్టర్లు మెచ్చుకుంటారు. కవాతు మానేసే సొల్దా మాత్రం ఆ తర్వాత ఇంట్లోంచి బయటికి రాడు. అలా అయినవాళ్ళని ఒకరిద్దర్ని చూశాను. అప్పటిదాకా నా ప్రతాపం కోసం చేసిన పని అప్పట్నుంచి నిద్రలో కూడా చేయడం మొదలుపెట్టాను.

తాత పెట్టెకు తాళం పడింది కాబట్టి అంగడిలో మామూలు చుట్టలు కొని వాటి మీద ప్రయోగాలు సాగించాను. పనిముట్టు దూర్చక ముందు ఒకసారి, దూర్చిన తర్వాత ఒకసారి, ముట్టించకుండానే నోట్లో పెట్టుకుని గాలి పీల్చి చూడాలి. అందుకు నా దగ్గరున్న కొలత సాధనం నా నోరే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కత్తిపీటల మధ్య కూర్చుని, ముట్టించని చుట్ట నోట్లో పెట్టుకుని బుగ్గలు పీక్కుంటూ ఉండేవాణ్ణి. “మా థియరీకి ఇంకా పాలపీక మాన్పించలేదు” అని బావ వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. అక్క అయితే అన్నం కంచం వరండాలో పెట్టి, “ఈ కంపుతో లోపలికి రావద్దు. ఇట్లే ఉంటే నీకు పిల్లనెవురిస్తారురా?” అనేది. (తర్వాత ఇచ్చారు. వాళ్ళకు చుట్టల సంగతి చెప్పలేదు.)

ఇంతలో నాకు కుడి దవడలో ఒక పన్ను ఉందని తెలిసింది. ఉండటం ముందే ఉంది, పుచ్చి కూడా చాలా రోజులైనట్టుంది. మూసుకుపోయిన చుట్టని ప్రాణం పెట్టి పీల్చినప్పుడల్లా ఆ గాలి సరాసరి అందులోకి దూరి, తీగ మీటినట్టు మీటేది. మూడు రోజులు లవంగం పెట్టుకుని ఓర్చుకున్నాను. నాలుగో రోజు దవడ ఒలిచిన కొబ్బరికాయంత అయ్యింది. ప్రభుత్వానికి పన్ను కట్టమంటే ఏడ్చేవాళ్ళని చూశాను గానీ, కట్టకుండానే పన్ను కోసం ఏడ్చింది నేనే అయ్యుంటాను. అక్క నన్ను ఆటోలో వేసుకుని పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది.

పన్ను పీకనక్కర్లేదు, లోపలి నరం తీసేస్తే చాలన్నాడు ఆ డాక్టరు. మత్తు సూది పొడిచి, తర్వాత వెంట్రుకంత సన్నటి మరో సూది తీసి దీపం వెలుగులో ఒకసారి చూసుకున్నాడు. నేనూ చూశాను. దాని ఒంటినిండా ముళ్ళు. అన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. అది పంటి లోపలికి నున్నగా జారింది, ఆయన అర చుట్టు తిప్పాడు, లాగాడు. ముళ్ళకు చిక్కుకుని నరం దారంలా బయటికి వచ్చేసింది. పోయేటప్పుడు జారిపోతుంది, వచ్చేటప్పుడు పట్టుకొస్తుంది. సిగార్‌లో ఆకుని నేను పక్కకు నెట్టాలని చూశాను, తవ్వాలని చూశాను, పీకాలని తోచలేదు. చటుక్కున డాక్టరు మణికట్టు పట్టుకున్నాను. నొప్పిగా ఉందా అని తమిళంలో అడిగాడు. నోరు తెరిచి ఉండటం వల్ల నా జవాబు “ఆ, ఊ, ఆఆ” అని వినబడింది గానీ, నేనడిగింది ఆ ముళ్ళు ఎన్ని డిగ్రీల వాలులో ఉన్నాయని. ఆయన జాలిపడి ఇంకో మత్తు సూది పొడిచాడు.

ఇంటికి కాదు, సగం మొద్దుబారిన మొహంతో నేరుగా వర్క్‌షాపుకి పోయాను. ఒక సైకిల్ చక్రం పుల్లని సానబట్టి సన్నం చేశాను. చిన్న ఉలితో దాని మీద వెనక్కి వాలిన గాట్లు పెట్టాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. మొదటిది చుట్టలోనే పుటుక్కున విరిగింది, ఎందుకంటే పదును ఎక్కువైతే ఉక్కు పెళుసవుతుంది (ఈసారి గోడ మీద రాయలేదు). రెండోదాన్ని మళ్ళీ నీలిరంగు తిరిగేదాకా వెచ్చబెట్టి చల్లార్చాను. అది వంగింది గానీ విరగలేదు. మరీ లోతుకు పోకుండా సైకిల్ ట్యూబు వాల్వుకుండే రబ్బరు గొట్టం ముక్కని దానికి తొడిగాను. కావలసినంత దూరంలో జరిపి పెట్టుకోవచ్చు. పిడి ఇత్తడిది. లేత్ ముట్టుకోకూడదు కాబట్టి ఆకురాయితో అరగదీశాను, గుండ్రంగా రావలసింది కోడిగుడ్డులా వచ్చింది. చుట్టలో దూర్చి అర చుట్టు తిప్పి లాగితే ముళ్ళకు చిక్కి పొగాకు పీచు వచ్చింది. మళ్ళీ దూర్చాను, మళ్ళీ వచ్చింది. నోట్లో పెట్టుకుని పీల్చాను. గాలి ఆడింది, పన్ను మీటలేదు.

జూలై పద్నాలుగు రానే వచ్చింది. కవాతు అయిపోయింది. మైదానంలో సొల్దాలు గుంపుగా నిలబడ్డారు, పతకాలు గలగలమంటున్నాయి. తాత సిగార్ తీసి, ముట్టించకుండా, నా వైపు చాపాడు. నేను జేబులోంచి ఆ ముళ్ళ కమ్మీ తీశాను.

“ఏంది, ఆపరేషనా?” అన్నాడు మీసాల సొల్దా.

“మా థియరీ చేస్తాండాడు. రోగికి చెప్పేదేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పేసుకోండి,” అన్నాడు బావ.

సిగార్‌ని వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ పోయాను. పట్టీకి కొంచెం కింద గట్టిగా ఒక ముడి తగిలింది. రబ్బరు అక్కడికి జరిపి దూర్చాను, తిప్పాను, లాగాను. ఏమీ రాలేదు. బావ గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ దూర్చి అర చుట్టు కాకుండా పూర్తి చుట్టు తిప్పి లాగాను. మల్లెపూల చెండులోంచి దారం లాగినట్టు, వేలెడు పొడుగు పీచు, దాని వెనకే మెలికపడిన ఈనె ఒకటి బయటికొచ్చాయి. తాత ముట్టించాడు. కళ్ళు మూసుకుని పీల్చాడు. బుగ్గలు లోపలికి పోలేదు. ముందు ముక్కులోంచి, తర్వాత నోట్లోంచి, తర్వాత (నాకలా అనిపించింది) చెవుల్లోంచి కూడా, తెల్లగా, దట్టంగా, ఏడాదిగా దాచిపెట్టిన పొగంతా వచ్చింది. తాత రెండు అడుగులు ముందుకేసి, మీసాల సొల్దా మీసాల కిందికి నింపాదిగా ఒక మేఘాన్ని వదిలాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, “నా దమ్ము నా కాడే ఉండాదిరా” అన్నాడు, పోగొట్టుకున్న వస్తువు జేబులోనే దొరికినవాడిలా.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. మీసాల సొల్దా నా పక్కకు చేరి, ఎవరికీ వినబడకుండా, “తంబీ, నాది కూడా కొంచెం చూడు” అన్నాడు. ఆయన వెనక ఇంకొకడు. ఆయన వెనక మరో ఇద్దరు. ఆ సముద్రపు తేమకి అందరి సిగార్లూ ఉబ్బి బిగుసుకుపోయే ఉన్నాయి. ఒక్కొక్కరూ తన ఊపిరే అయిపోయిందనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్కవాడి పొగని తన పొగగా చలామణీ చేసుకుంటున్నారు. ఆ ముందటేడు నిజంగా ఎవరి నోట పొగ వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో లాగా వరస కట్టారు. నేను ఒక్కొక్కటీ నొక్కి చూసి, ముడి తీసి, ఇచ్చి పంపించాను. పొగ ఎక్కడుంటే పొగడ్త అక్కడుంటుంది. ఆ సాయంత్రం నాకు తెలుగులో, తమిళంలో, ఫ్రెంచిలో మూడు భాషల దీవెనలు అందాయి.

ఇంత పొగ చూశాక బావకీ నోరూరింది. “తాతా, నాకూ ఒకటి ఇయ్యరాదా” అన్నాడు. తాత ఆ రోజు రాజ్యమడిగినా ఇచ్చేవాడు. పెట్టె నా చేతికిచ్చి తీసివ్వమన్నాడు. అప్పటికి నా వేళ్ళకు కళ్ళొచ్చాయి. ఒక్కొక్కటే నొక్కి చూసి, పెట్టె మొత్తంలో రాయిలా బిగుసుకున్నదాన్ని వెతికి, రెండు చేతులతో బావకు సమర్పించాను. ముట్టించాడు. పీల్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు బయటికొచ్చాయి, మెడ నరాలు లేచాయి. సొల్దాలంతా ఆట ఆపి చూస్తున్నారు.

“ఒరే థియరీ, ఆ కమ్మీ ఇట్లియ్యి.”

నేను సముద్రం వైపు చూశాను.

“ఒరే, నిన్నేరా.”

“ఎవురిని బావా? థియరీ అనేటోళ్ళు ఈడ ఎవురూ లేరే.”

మీసాల సొల్దా ముందు నవ్వాడు. బావ ఇంకోసారి పీల్చి చూశాడు, అటూ ఇటూ చూశాడు, చివరికి గొంతు తగ్గించి నా పేరు పెట్టి పిలిచాడు. ఇనిషియల్స్ రాలేదన్నాను. ఇనిషియల్స్‌తో, గారు తగిలించి, మైదానం చివరి దాకా వినబడేటట్టు పలికాకే కమ్మీ ఆయన చేతిలో పెట్టాను. ఆ పేరు ఇక్కడ రాయడం అనవసరం, ఆ రోజు అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. మర్నాడు లేత్ నా చేతికొచ్చింది. తాత మేడ మీదికెక్కి, అక్కణ్ణుంచి వీధిలో పోయేవాళ్ళందర్నీ పేరుపేరునా పలకరించాడట.

పగ మరీ బాగా తీరిపోయింది. ఆ తర్వాత బావ నన్నెప్పుడూ థియరీ అనలేదు. ఆయన అనకపోతే టీ కొట్టువాడూ అనలేదు. ఇప్పుడు నాకు సొంత వర్క్‌షాపు ఉంది, పొట్ట ఉంది, చత్వారం కళ్ళద్దాలున్నాయి, అందరూ ఇనిషియల్స్‌తో సార్ అంటారు. కోడిగుడ్డు పిడి కమ్మీ సొరుగులో ఉంది. మా ఆవిడ పైజామాల్లో బొందు లాగడానికి దాన్ని వాడుతుంది. ఎప్పుడైనా, షాపులో ఎవరూ లేనప్పుడు, నా చేతిలో ట్యాప్ ఒకటి పుటుక్కుమంటే మాత్రం, ఒకసారి అటూ ఇటూ చూసి, బావ గొంతుతో నన్ను నేనే పిలుచుకుంటాను: “ఏందిరా థియరీ, మళ్ళీనా?”