కూలోళ్లకు నానబెట్టిన అనపగింజలు

తిరుపతికి దగ్గర ఊళ్లో ఇల్లుంటే చుట్టరికాలు వాటంతటవే మొలుస్తాయి. కొండకు పోయే ప్రతివాడూ మాకు ఏదో ఒక వరసే. నేను ఏడో తరగతిలో బడికి విశ్రాంతి ఇచ్చి, బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో సాంబారు కాచే పనిలో కుదిరాను. బెంగుళూరు వాళ్లకు మా సాంబారులో తీపి చాలేది కాదు, గుంటూరు వాళ్లకు కారం చాలేది కాదు, మద్రాసు వాళ్లకు అది సాంబారే కాదు. ఎవరి నాలుక వాళ్ల ఊళ్లోనే ఉంటుందని నాకు ఆ గంగాళం దగ్గరే తెలిసింది. పరాయివాళ్లు గొణిగితే బెల్లమో, మిరప్పొడో వేసి తృప్తిపరిచేవాణ్ని. మా ఇంటి ఆడబిడ్డ నాలుకను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

అక్కను నెల్లూరు వైపు ఇచ్చారు. మాగాణి ఉన్న ఇల్లు. మూడుపూటలా తెల్లన్నం. సంబంధం ఖాయమైన రోజు నాయన ఊరంతా తిరిగి చెప్పాడు, "నా బిడ్డకు ఇంక సంగటి గెలికే కర్మ లేదప్పా" అని. అక్కకు రాగిసంగటంటే ప్రాణం. అందులోకి చలికాలంలో అనపగింజలు పితికి వండే పితికిపప్పు ఉంటే చుట్టూ ఎవరున్నారో కూడా చూడదు. ఆ సంగతి పెళ్లి మాటల్లో రాలేదు. అలాంటివి ఎవరడుగుతారు?

తొంభైల చివర ఒక చలికాలం, బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి అక్క, వాళ్లత్త వచ్చారు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఉండి, తెల్లారి కొండకు పోయి, అటునుంచి అటే నెల్లూరు బస్సెక్కాలి. అంటే అక్కకు పుట్టింట్లో దక్కేది ఒక్క పూట భోజనం. బస్సు దిగీ దిగగానే, చంకలో బిడ్డను అమ్మకు ఇవ్వకముందే చెవిలో అడిగింది.

"అమ్మా, అనపకాయలొచ్చినాయా?"

"పొద్దున్నే గింజలు నానేసినా లేమ్మా. నీకోసరమే."

"రెండేండ్లాయమ్మా సంగటి నోట్లో పెట్టి. కలలో గూడా వాసనొస్తా ఉండాది."

వసారాలో గింజల గిన్నె చుట్టూ కూర్చున్నాం. నానిన అనపగింజను బొటనవేలితో నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు ఎగిరిపడుతుంది. గిన్నెలో పడిన వాటికంటే మా మొహాలమీద పడినవే ఎక్కువ. అక్క గురిచూసి నా నుదుటిమీదికే పితికేది.

"ఏమిరా సాంబారు మాస్టరూ, వేళ్లకు తిమ్మిరెక్కిందా?"

"నీ మాదిరి నెల్లూరు నెయ్యి పోసి పెంచలేదు గదక్కా నా వేళ్లను!"

అక్క పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడే వాళ్లత్త మొహం తుడుచుకుంటూ వచ్చి, జల్లెట్లో ఉన్న రాగిపిండిని వేలితో తాకి చూసింది. చెడ్డమనిషి కాదు. అందులో వెటకారం కూడా లేదు. వాళ్ల ఊళ్లో వాన పడిందని చెప్పినట్టు చెప్పింది.

"ఏంది వదినా, రాగిపిండా? మా తట్టు బర్రెలకు ఉడకేస్తాం గదా!"

అమ్మ చేతులు ఆగిపోయాయి. "మాకు గాదులే వదినా. కూలోళ్లొస్తారు, వాళ్లకు."

మా పొలంలో కూలోళ్లంటే మేమే. ఆ లెక్కన అమ్మ చెప్పింది నిజమే.

అక్క అమ్మను ఒక్కసారి చూసి, మళ్లీ పితకడం మొదలుపెట్టింది. "కూలోళ్లకే గదమ్మే, నీకెందుకు ఆ జిగట? వాళ్లే పితుక్కుంటారులే" అని వాళ్లత్త వారించినా లేవలేదు. గిన్నె అడుగున ఒక్క గింజ మిగలకుండా పితికింది. నా మొహంమీదికి మాత్రం మళ్లీ ఒక్కటీ రాలేదు.

దీపాలు పెట్టే వేళకు నడవలో విస్తళ్లు వేశారు. తెల్లన్నం, పప్పు, వడియాలు, పాయసం. అత్త పక్కన అక్క. అతిథులు తిన్నాకే మేం తింటామని చెప్పి, నాయనా నేనూ వెనక కొట్టంలో బర్రె పక్కన నిలబడి సంగటి మింగుతున్నాం. మా ఇంట్లో మా సంగటికి మేమే దొంగలం. పితికిపప్పు కూర ఘాటు ఇల్లంతా తిరుగుతోంది. వాసనకు కూలోళ్లెవరో, కోడలెవరో తెలియదు కదా.

అమ్మ మాకు కూర వడ్డిస్తుంటే, చెయ్యి కడిగే నెపంతో అక్క కొట్టం దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఒక్క ముద్ద."

"ఈడికెందుకొచ్చినావే? మీ అత్త సూస్తే నా మొగం యాడ పెట్టుకునేది? పో తల్లీ, పాయసం పెట్టినా గదా."

నేను నా ముద్దలోనే కొంచెం తుంచి కూరలో అద్ది చాపాను. "తీసుకోక్కా, కూలోడు పెడతాండాడు."

నవ్వుతుందనుకున్నాను. చెయ్యి చాపింది కూడా. అంతలో లోపలినుంచి "ఏడున్నావమ్మే, బిడ్డ ఏడుస్తా ఉంది" అని కేక. అక్క ఏమీ అంటని చేతిని కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. ఇంటి పరువు నిలబడింది. ఆ పరువును పళ్లెంలో పెట్టుకుని తినడానికి మాత్రం వీల్లేదు.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అమ్మ సంగటి చేయనా అని అడిగేది, అక్క వద్దనేది. కొన్నేళ్లకు వాళ్లత్తకు షుగరొచ్చింది. డాక్టరు రాగులు తినమన్నాడట. ఈసారి అక్కతో వచ్చినప్పుడు ఆవిడ మా గడపలో చెప్పులు విడుస్తూనే అడిగింది.

"వదినా, సంగటి మీ తట్టు చేసినట్టు ఇంకెవరూ చెయ్యలేరంట గదా!"

ఇన్నేళ్లకు అమ్మకు అందరి ముందూ సంగటి చెయ్యడానికి అనుమతి దొరికింది, అదీ నెల్లూరు నుంచి. చలికాలమే కాబట్టి పితికిపప్పూ వండింది. ఈసారి కొట్టంలో కాదు, నడవలో అందరం వరసగా కూర్చున్నాం. అమ్మ మొదటి ముద్దకు నెయ్యి రాసి అక్క పళ్లెంలో పెట్టింది. గట్టి ముద్ద, పెద్దది. పెట్టి, అక్క మొహంలోకి చూస్తూ అక్కడే నిలబడింది.

అక్క ముద్దను పళ్లెం అంచుకు జరిపింది.

"నాకొద్దుమా. కూలోళ్లకు తక్కువైపోతాది."

"ఏ కూలోళ్లు?" అని అడిగింది వాళ్లత్త, రెండో ముద్దకు చెయ్యి చాపుతూ. ఆమెకు నిజంగానే గుర్తులేదు.

నాయన నీళ్లు తాగాడు. అక్క తనే లేచి ఇంత అన్నం పెట్టుకుని, మజ్జిగ పోసుకుని తినేసింది.

సాయంత్రానికి ఆ ముద్ద పైన తోలు కట్టింది. అమ్మ దాన్ని తీసుకెళ్లి బర్రె కుడితి తొట్లో వేసింది.